ఇథనాల్ పెట్రోలు, వేగం పెంచిన కారు, పొగ పరీక్ష : సరిహద్దు పల్లెల వాహనదారులకు కొన్ని వివరాలు

కార్తీకం దాటిందంటే బీదరు జిల్లా రోడ్లన్నీ చెరకు బండ్లతో నిండిపోతాయి. హళ్లిఖేడ్, ఇమాంపూర్, హుణజి దారుల్లో ట్రాక్టరు వెనుక ట్రాక్టరు బారులు తీరి ఉండగా వాటిని తప్పించుకొని ముందుకు పోవడమే ఒక విద్య. ఆ చెరకులో కొంత భాగం ఇప్పుడు చక్కెర సంచిలోకి పోక, ఇథనాల్ రూపంలో మన బండ్ల ట్యాంకుల్లోకే తిరిగి వస్తున్నది. పండించిన రైతే బంకు వద్ద దానిని కొనుక్కుంటున్నాడు. అయినను ఆ ద్రవం ఇంజనులో ఏమి చేస్తుందో, పొగ పరీక్షలో ఎట్లా కనబడుతుందో, వేగం కోసం మార్పులు చేసిన కారులో దానిని వాడవచ్చునో లేదో స్పష్టంగా చెప్పేవారు తక్కువ. బీదరు, భాల్కి, ఔరాద్, హుమ్నాబాదు, బసవకల్యాణ్ తాలూకాలలోని తెలుగు కుటుంబాలకు, ఇవతల జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతాల వారికి ఉపయోగపడగలవని ఈ వివరాలను ఒకచోట కూర్చడమైనది.

ఇంతదాకా వచ్చిన దారి

పెట్రోలులో సారాయి సత్తు కలపడం కొత్త ఆలోచన కాదు. 1948లోనే మన దేశంలో 'ఇండియన్ పవర్ ఆల్కహాల్' చట్టం వచ్చింది. అప్పటికి బీదరు ఇంకా హైదరాబాదు సంస్థానంలోని జిల్లా. 1956లో గదా మైసూరు రాష్ట్రంలో చేరినది. ఆ తరువాత గల్ఫు పెట్రోలు చవకగా దొరికిన రోజుల్లో ఈ సంగతి మూలపడింది. 2003 జనవరిలో కేంద్రం తొమ్మిది రాష్ట్రాలలో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాలలో 5 శాతం ఇథనాల్ కలపాలని నిర్ణయించినప్పుడు అందులో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర మూడూ ఉన్నాయి. కాని సరఫరా లేక చాలాకాలం అది కాగితం మీదనే నడిచింది.

2018 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి 20 శాతం లక్ష్యం పెట్టగా, 2022లో ఆ గడువును 2025–26కు ముందుకు జరిపారు. 2022 జూన్‌లో 10 శాతం పూర్తయింది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ప్రధానమంత్రి ఇ-20 పెట్రోలును ప్రారంభించారు. తొలిరోజున 11 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలలోని 84 బంకులలో అది లభించింది. 2025 నాటికి దేశమంతటా సగటు మిశ్రమం 20 శాతానికి చేరింది. ఇ-20 అనగా నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్, తక్కినది పెట్రోలు అని అర్థం.

చెరకు లెక్క కూడా చూద్దాం. ఒక టన్ను చెరకు రసాన్ని మొత్తంగా ఇథనాల్‌కు మళ్లిస్తే సుమారు 70 లీటర్లు వస్తుంది. చక్కెర తీయగా మిగిలిన చివరి మడ్డి (మొలాసిస్) నుండి అయితే అదే టన్ను చెరకుకు పది పదకొండు లీటర్లకు మించదు. అందుకే 2023 డిసెంబరులో చక్కెర కొరత భయంతో కేంద్రం రసం వాడకంపై ఆంక్ష పెట్టగానే కార్ఖానాల లెక్కలు తారుమారయ్యాయి; 2024 ఆగస్టులో ఆ ఆంక్షను ఎత్తివేశారు. ఇప్పుడు చెరకుతో బాటు మొక్కజొన్న, నూకల నుండి తీసే ఇథనాల్ వాటా చాలా పెరిగింది. ఆ ధాన్యపు కార్ఖానాలు మన పొరుగున వివాదాలకూ కారణమైనాయి. నారాయణపేట జిల్లా చిత్తనూరులో 2023లో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో గ్రామస్థులు నీటి గురించి, వాసన గురించి రోడ్డెక్కిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఇంధనం శుభ్రమైనది కావచ్చు. దానిని తయారుచేసే చోటు గురించి అడిగే హక్కు మాత్రం పక్క ఊరివారికి ఉన్నది.

ఇథనాల్ స్వభావం

మూడు గుణాలు తెలిస్తే తక్కిన విషయమంతా సులభంగా అర్థమవుతుంది.

మొదటిది, శక్తి తక్కువ. ఒక లీటరు పెట్రోలులో సుమారు 32 మెగాజౌళ్ల శక్తి ఉంటే లీటరు ఇథనాల్‌లో 21 మాత్రమే. కనుక ఇ-20లో శక్తి శుద్ధ పెట్రోలు కంటె దాదాపు 7 శాతం తక్కువ. 2021 జూన్‌లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదిక కూడా, శుద్ధ పెట్రోలు కోసం రూపొంది ఇ-10కు సవరించిన కార్లకు 6–7 శాతం, అటువంటి ద్విచక్ర వాహనాలకు 3–4 శాతం, ఇ-10కై రూపొంది ఇ-20కి సవరించిన కార్లకు 1–2 శాతం మైలేజీ తగ్గుతుందని అంచనా వేసింది. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. 6–7 శాతమన్నది శుద్ధ పెట్రోలుతో పోల్చిన లెక్క. మనమందరం 2022 నుండే ఇ-10 వాడుతున్నాము గనుక ఇ-10 నుండి ఇ-20కి మారినప్పుడు శక్తిలో తేడా మూడున్నర శాతమే. లీటరుకు 18 కిలోమీటర్లు ఇచ్చే కారు 17.4 వరకు దిగితే అది ఇథనాల్ ప్రభావం అనుకోవచ్చును. 14కు పడిపోతే మాత్రం కారణం మరెక్కడో ఉన్నది: ఎయిర్ ఫిల్టరు, టైర్లలో గాలి, క్లచ్చి, లేదా బంకు కొలత. 2025 ఆగస్టులో ఈ విషయమై దేశమంతటా పెద్ద చర్చ జరిగింది. ఇ-20తో పాటు శుద్ధ పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది.

రెండవది, గాలి తక్కువ కావాలి, ఇంధనం ఎక్కువ పోయాలి. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. లీటర్లలో చెప్పాలంటే, అదే గాలికి ఇ-20 అయితే ఏడెనిమిది శాతం, 85 శాతం ఇథనాల్ ఉండే ఇ-85 అయితే సుమారు 40 శాతం, శుద్ధ ఇథనాల్ అయితే ఒకటిన్నర రెట్ల ఇంధనం పోయవలసి ఉంటుంది.

మూడవది, వేగప్రియులకు నచ్చే గుణం. ఇథనాల్ ఆక్టేన్ సంఖ్య 108 వరకు ఉంటుంది. మన మామూలు పెట్రోలు చాలాకాలం 91, ఇ-20ది 95. ఆక్టేన్ ఎక్కువైతే ఇంధనం ఒత్తిడికి తట్టుకొని, స్పార్కు వచ్చేదాకా ఆగుతుంది; ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను 'టకటక' కొట్టదు. పైగా ఆవిరయ్యేటప్పుడు ఇథనాల్ పెట్రోలు కంటె రెట్టింపునకు పైగా వేడిని పీల్చుకొని లోపలికి పోయే గాలిని చల్లబరుస్తుంది. చల్లని గాలి చిక్కగా ఉంటుంది. చిక్కని గాలిలో ప్రాణవాయువు ఎక్కువ.

వేగం పెంచిన కార్ల సంగతి

అమెరికాలోని ఇండియానాపోలిస్ 500 పందెపు కార్లు ఎన్నో ఏళ్లు మిథనాల్‌తో నడిచి, 2007 నుండి ఇథనాల్‌కు మారాయి. స్వీడన్‌కు చెందిన కోనిగ్‌సెగ్ సంస్థ 2007లో చూపిన సి.సి.ఎక్స్.ఆర్. అనే కారు పెట్రోలుతో 806 అశ్వశక్తి ఇచ్చే ఇంజనునే ఇ-85కు తగినట్లు దిద్ది 1018 అశ్వశక్తి రాబట్టింది. బ్రెజిల్‌లో 1979లోనే ఫియట్ 147 పూర్తి ఆల్కహాలుతో నడిచే కారుగా అమ్మకానికి వచ్చింది. 2003లో ఏ మిశ్రమాన్నయినా తట్టుకొనే 'ఫ్లెక్స్' కారు వోక్స్‌వ్యాగన్ గోల్ రూపంలో వచ్చింది. అక్కడ మామూలు పెట్రోలులోనే 2025 ఆగస్టు నుండి 30 శాతం ఇథనాల్ ఉంటున్నది.

మన వైపు కథ ద్విచక్ర వాహనంతో మొదలైంది. 2019 జులైలో టి.వి.ఎస్. సంస్థ అపాచీ ఆర్.టి.ఆర్. 200 ఎఫ్.ఐ. ఇ-100 అనే ఇథనాల్ మోటారు సైకిలును విడుదల చేసి, మొదట అమ్మకానికి ఎంచుకున్న రాష్ట్రాలు మహారాష్ట్ర, ఉత్తరప్రదేశ్, కర్ణాటక. మూడూ చెరకు రాష్ట్రాలే. బండి వచ్చింది కాని పోయడానికి ఇంధనం లేదు! ఆ ఇంధనం 'ఇథనాల్ 100' అన్న పేరుతో బంకులకు వచ్చింది 2024 మార్చిలో. ఐదు రాష్ట్రాలలో 183 బంకులతో మొదలైంది. వాటిలో కర్ణాటక, మహారాష్ట్ర ఉన్నాయి, తెలంగాణ లేదు. పేరులో వంద ఉన్నా అందులో ఇథనాల్ 93 శాతం పైచిలుకు మాత్రమే. 5 శాతం పెట్రోలు, మిగిలినది రెండింటినీ కలిపి ఉంచే ద్రావకం. 2023 ఆగస్టులో టొయోటా ఇన్నోవా హైక్రాస్ ఫ్లెక్స్ నమూనా కారును ఢిల్లీలో ప్రదర్శించారు. 2024 అక్టోబరులో హోండా తన సి.బి. 300 ఎఫ్. బండిని ఇ-85 వరకు తట్టుకొనే విధంగా విడుదల చేసింది.

ఇవన్నీ కర్మాగారంలోనే ఇథనాల్ కోసం తీర్చిన బండ్లు. మన పిల్లలు చేసేది వేరు. హైదరాబాదులోనో పుణెలోనో చదువుకొంటూ పాత టర్బో కారు ఒకటి కొని, దాని కంప్యూటరులో లెక్కలు మార్పించి, సైలెన్సరు మార్చి ఊరికి వస్తారు. జాతీయ రహదారి నెం. 65 మీద ఆ చప్పుడు విని ఊరంతా తలుపు తీస్తుంది. అటువంటి కారులో ఎక్కువ ఇథనాల్ పోస్తే మరింత బలం వస్తుందని ఎవరో చెబుతారు. ఆ మాటలో నిజం ఉన్నది. నిజంలో సగమే ఉన్నది.

ఒక ఉదాహరణ తీసుకొందాం. సగం ట్యాంకు ఇ-20, సగం ట్యాంకు ఇథనాల్ 100 కలిపితే మిశ్రమం సుమారు 56 శాతం అవుతుంది. ఇ-10కు సరిదిద్దిన కారుకు ఇప్పుడు అదే గాలికి 20 శాతం అదనంగా ఇంధనం కావాలి. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సారు దీన్ని పసిగట్టి ఇంజెక్టర్లను ఎక్కువసేపు తెరిపించవలసినదిగా కంప్యూటరుకు చెబుతుంది. ఐతే చాలా కార్లలో ఈ సర్దుబాటుకు 20–25 శాతం దగ్గర హద్దు ఉంటుంది. మెల్లగా పోయేటప్పుడు అంతా బాగానే ఉన్నట్లు కనబడుతుంది. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు చాలా కార్లు సెన్సారు మాటను పక్కన పెట్టి, ముందే రాసి ఉన్న లెక్క ప్రకారం ఇంధనం పోస్తాయి. ఆ లెక్క పెట్రోలుది. టర్బో గాలిని కూరుతుంటుంది, ఇంధనం చాలదు, మంట వేడెక్కిపోతుంది. పిస్టన్ అంచు కరుగుతుంది లేదా వాల్వు కాలుతుంది. ఇంజను విప్పి మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చు ముందు కారుకు పెట్టిన సరదా ఖర్చు ఏపాటిది? ఒక పంట డబ్బు పోయినట్లే.

సక్రమంగా చేసేవారు ఏమి చేస్తారంటే, ముందు ఇంజెక్టర్లు, పంపు అవసరమైనంత ఇంధనం ఇవ్వగలవా అని కొలుస్తారు. ట్యాంకులోని ఇథనాల్ శాతాన్ని చెప్పే సెన్సారును గొట్టానికి బిగించి, ఆ శాతాన్ని బట్టి ఇంధనం, స్పార్కు సమయం, టర్బో ఒత్తిడి మారే విధంగా కంప్యూటరును రాస్తారు. పాత నైట్రైల్ రబ్బరు గొట్టాలు, వాషర్ల స్థానంలో ఇథనాల్‌కు ఉబ్బని ఫ్లోరో రబ్బరు వేస్తారు. మొదటి రెండు ట్యాంకుల తరువాత ఫిల్టరు మారుస్తారు. ఎందుకనగా ఏళ్ల తరబడి ట్యాంకులో పేరుకున్న మడ్డిని ఇథనాల్ కడిగి తెచ్చి అక్కడ పోస్తుంది. ఇంజను ఆయిలును ముందుగానే మారుస్తారు. ఇదంతా చేయని మెకానిక్కు 'ఒక గంటలో చేసి ఇస్తా' అంటే ఆ గంట తరువాత ఏమి జరుగుతుందో అతను చూడడు.

ఇంకొక సూక్ష్మం. ఇటువంటి కార్లలో డాష్‌బోర్డు మీద గాలి–ఇంధనం నిష్పత్తిని చూపే మీటరు బిగిస్తారు. అది చూపే 14.7 పెట్రోలు భాష. ఇంధనం ఏదైనా సరే సరిపోయే కొలత 'లాంబ్డా'. లాంబ్డా 1 అంటే ఆ ఇంధనానికి కావలసినంత గాలి సరిగ్గా ఉన్నదని అర్థం. 1 కంటె ఎక్కువైతే గాలి ఎక్కువ, తక్కువైతే ఇంధనం ఎక్కువ. పొగ పరీక్ష యంత్రం కూడా ఈ భాషనే మాట్లాడుతుంది గనుక ఇప్పటి నుండే అలవాటు చేసుకోవడం మేలు.

చలికాలం మాట. ఇథనాల్ చలిలో త్వరగా ఆవిరి కాదు. పన్నెండు పదమూడు డిగ్రీల దిగువన శుద్ధ ఇథనాల్ మండేటంత ఆవిరిని ఇవ్వదు. బీదరు పీఠభూమి సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైబడి ఉన్నది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున ఇక్కడ పది డిగ్రీల దాపునకు దిగడం మామూలే. ఇ-20తో ఇబ్బంది ఉండదు. సగానికి పైగా ఇథనాల్ ఉంటే మాత్రం ఉదయం సెల్ఫు కొట్టి కొట్టి బ్యాటరీ దిగిపోతుంది. బ్రెజిల్‌లో పాత ఫ్లెక్స్ కార్లకు కేవలం ఉదయం స్టార్టు కావడానికే చిన్న పెట్రోలు డబ్బా విడిగా ఉండేది.

పొగ పరీక్షలో ఏమి కొలుస్తారు

పి.యు.సి. అని మనం పిలిచే కాలుష్య తనిఖీ పత్రం కొత్త బండికి రిజిస్ట్రేషను అయిన ఏడాది తరువాత అవసరమవుతుంది. భారత్ స్టేజ్-4, ఆ తరువాతి బండ్లకు ఏడాదికొకసారి, అంతకు పాత వాటికి ఆరు నెలలకొకసారి తీసుకోవాలి.

పెట్రోలు బండిలో కొలిచేవి కార్బన్ మోనాక్సైడ్ శాతం, మండకుండా బయటపడే హైడ్రోకార్బన్‌ల పాళ్లు. భారత్ స్టేజ్-2 నుండి 3 వరకు గల కార్లకు ఐడిలింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్‌లు పది లక్షల పాళ్లకు 750 దాటరాదు. భారత్ స్టేజ్-4, ఆపై కార్లకు 0.3 శాతం, 200 పాళ్లు. అంతేగాక ఇంజనును నిమిషానికి 2500 చుట్ల దగ్గర నిలిపి, అక్కడ కార్బన్ మోనాక్సైడ్ 0.2 శాతం లోపు, లాంబ్డా 0.97 – 1.03 మధ్య ఉన్నదా అని చూస్తారు. 2000 మార్చి తరువాతి పాత నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్లకు 3.5 శాతం, 4500 పాళ్లు పరిమితి. డీజిలు బండ్లకు ఇవేవీ కావు. పొగ చిక్కదనం కొలుస్తారు. భారత్ స్టేజ్-4కు ముందటి వాటికి 2.45, ఆ తరువాతి వాటికి 1.62.

ఇథనాల్‌లో ప్రాణవాయువు దానంతట అదే ఉన్నది. కనుక కార్బన్ మోనాక్సైడ్ సహజంగానే తగ్గుతుంది. శుద్ధ పెట్రోలుతో పోలిస్తే ఇ-20తో ద్విచక్ర వాహనాలలో సగం, కార్లలో 30 శాతం వరకు తగ్గిందని నీతి ఆయోగ్ నివేదికలో ఉన్నది. హైడ్రోకార్బన్‌లు 20 శాతం తగ్గాయి. నైట్రోజన్ ఆక్సైడ్‌ల విషయంలో స్పష్టమైన పోకడ కనబడలేదు. ఇథనాల్ వల్ల పెరిగే అసిటాల్డిహైడ్‌ను మన పొగ పరీక్ష యంత్రం కొలవనే కొలవదు. కావున 'పరీక్షలో నెగ్గింది' అన్నంత మాత్రాన పొగ పూర్తిగా నిర్దోషి అని కాదు.

మరి ఇథనాల్ ఇంత సాయం చేస్తుంటే మార్పులు చేసిన కార్లు ఎందుకు తప్పుతున్నాయి? తొంభై పాళ్లు కారణం ఇంధనం కాదు, క్యాటలిటిక్ కన్వర్టరు. చప్పుడు కోసం, నాలుగు అశ్వాల బలం కోసం దానిని పీకివేస్తారు. అది లేనిదే 0.2 శాతం అసాధ్యం. రెండవ కారణం లాంబ్డా. కన్వర్టరు మూడు రకాల విషవాయువులనూ శుద్ధి చేసేది లాంబ్డా 1 దగ్గర మాత్రమే. ఐడిలింగ్ లెక్కలను కూడా మార్చి పారేసిన కారులో అది పనిచేయదు. మంచి ట్యూనరు పూర్తి వేగపు భాగాన్ని మాత్రమే ముట్టుకొని, ఐడిలింగ్‌ను, మెల్లగా పోయే భాగాన్ని కంపెనీ లెక్కకే వదిలేస్తాడు.

పరీక్షలో తప్పితే చేతికి వచ్చే చీటీని పారవేయవద్దు; అందులో రోగం పేరు ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ రెండూ ఎక్కువైతే ఇంధనం ఎక్కువ పడుతున్నది: ఎయిర్ ఫిల్టరు, కారే ఇంజెక్టరు, చెడిన ఆక్సిజన్ సెన్సారు చూడాలి. కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ ఎక్కువైతే ఇంధనం చాలక మంట తప్పుతున్నది, లేదా స్పార్కు ప్లగ్, కాయిల్ బలహీనమైనది. పాత కార్బురేటరు బండిలో ఇ-20 పోసినప్పుడు తరచుగా కనబడేది ఇదే; జెట్టును కాస్త పెంచితే రెండూ సర్దుకొంటాయి. ఐడిలింగ్‌లో బాగుండి 2500 చుట్ల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే కన్వర్టరు అలసిపోయింది. వాయువులన్నీ తక్కువగా ఉండి లాంబ్డా ఒక్కటే 1.03 దాటితే ముందు సైలెన్సరు అతుకుల వద్ద గాలి లీకు వెతకాలి. చాలాసార్లు రెండు వందల వెల్డింగుతో పోయే జబ్బు అది.

పరీక్షకు పోయే ముందు పది పదిహేను కిలోమీటర్లు నడిపి పోవాలి. కన్వర్టరు రెండున్నర మూడు వందల డిగ్రీలు వేడెక్కనిదే పని ప్రారంభించదు. ఇంటి ముందే పరీక్ష కేంద్రం ఉన్నదని చల్లని ఇంజనుతో పోయి తప్పినవారిని ఈ రచయిత చూశాడు.

చట్టం ఏమంటుంది

ఇది కాస్త చేదుగా ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన మూల వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళకు చెందిన వ్యాజ్యంలో ఈ మాటనే గట్టిగా చెప్పింది. ఇంధనం మార్చాలంటే ఆమోదం పొందిన కిట్ ఉండాలి, రిజిస్ట్రేషను పత్రంలో నమోదు కావాలి. సి.ఎన్.జి.కి అటువంటి కిట్లు ఉన్నాయి. అనుమతి లేని మార్పుకు 182-ఎ సెక్షను కింద ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల వరకు జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొగ పరిమితి దాటిన బండికి 190(2) సెక్షను ప్రకారం 2019 సెప్టెంబరు నుండి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు ఉన్నాయి.

బీమా విషయంలో తరచుగా తప్పు సమాచారం ప్రచారమవుతున్నది. పి.యు.సి. లేనిదే బీమా కొత్తది ఇవ్వరాదని 2017 ఆగస్టులో సుప్రీంకోర్టు పెట్టిన షరతును 2024 జులైలో అదే కోర్టు తొలగించింది. పి.యు.సి. లేదన్న ఒక్క కారణంతో ప్రమాద పరిహారం నిరాకరించరాదని బీమా నియంత్రణ సంస్థ 2020లోనే స్పష్టం చేసింది. కాని బండిలో చెప్పని మార్పులు ఉన్నాయన్నది వేరే సంగతి. దాని మీద కంపెనీ వాదించగలదు. ఇంటిల్లిపాది ప్రయాణించే కారుకు ఆ వాదనకు తావివ్వడం తెలివైన పని కాదని మా అభిప్రాయం. పందెపు సరదా ఉన్నవారికి చెన్నై సమీపంలోని ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరులోని కారి వంటి ట్రాకులు ఉన్నాయి.

ఇంట్లో జాగ్రత్తలు

ఇథనాల్ నీటిని ఇష్టపడుతుంది. ట్యాంకులోకి వాననీరు చేరితే కొంతవరకు తనలో కలుపుకొంటుంది. హద్దు దాటితే నీటితో కలిసి అడుగుకు దిగిపోతుంది. పంపు అడుగునుండే పీల్చుతుంది గనుక బండి పది అడుగులు పోయి ఆగిపోతుంది. అటువంటప్పుడు మళ్లీ మళ్లీ స్టార్టు చేయక ట్యాంకు దించి ఖాళీ చేయించాలి. నెలల తరబడి నిలిపే బండిలో ట్యాంకు నిండుగా ఉంచడం మేలు. ఖాళీ చోటు ఎంత ఎక్కువైతే తేమ అంత ఎక్కువ చేరుతుంది.

బంకులో పోసినది ఏమిటన్న అనుమానం వస్తే ఒక పరీక్ష ఉన్నది. కొలతలు గీసిన గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి మూతపెట్టి ఊపి, పావుగంట నిలకడగా ఉంచాలి. ఇథనాల్ నీటిలోకి దిగుతుంది. అడుగు పొర 10 నుండి 28 దగ్గరకు పెరిగితే అది ఇ-20. ఆరుబయట, పొయ్యికి, బీడీకి దూరంగా చేయవలసిన పని ఇది. పిల్లల చేత చేయించరాదు.

ఇక చెప్పక తప్పని మాట. ఎక్కడో దొరికిన స్పిరిటును డబ్బాలో తెచ్చి కారులో పోయడం, సరిహద్దు దాటించడం ఎక్సైజు నేరం. దాన్ని 'ఇంధనం కోసమే' అంటే నాకా వద్ద ఎవరూ నమ్మరు. అందులో నీరు కూడా ఉంటుంది గనుక ఇంజనుకూ చేటే. అంతకంటె ముఖ్యంగా, ఇంధనపు ఇథనాల్‌లో తాగకుండా విషపదార్థాలు కలుపుతారు. మిథనాల్ కూడా చూడడానికి అచ్చం ఇట్లాగే ఉంటుంది. కొద్దిపాటి మోతాదుకే చూపు, ఆపై ప్రాణం పోతుంది. ఇటువంటి ద్రవం ఇంట్లో సీసాలో ఉండనే కూడదు.

డీజిలు బండ్లలో, ట్రాక్టర్లలో ఇథనాల్ పోయరాదు. 2023 ఏప్రిల్ తరువాత తయారైన పెట్రోలు బండ్లలో రబ్బరు, లోహ భాగాలు ఇ-20ని తట్టుకొనే విధంగా ఉంటాయి. ట్యాంకు మూత మీద గాని, వాహనంతో ఇచ్చిన పుస్తకంలో గాని ఆ మాట రాసి ఉంటుంది. అంతకు పాతవాటికి గొట్టాలు, కార్బురేటరు వాషర్లు ఏడాదికొకసారి చూపించుకొని, ఉబ్బినా పగిలినా మార్పించాలి. వేడి ఇంజను మీద కారే పెట్రోలు చుక్కకు మైలేజీతో పనిలేదు.

సరిహద్దు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి మిగిలింది. బీదరులో తీసుకున్న పి.యు.సి. జహీరాబాదులోను, ఉద్గీరులోను చెల్లుతుంది. వివరాలు కేంద్ర 'వాహన్' పట్టికలో నమోదవుతాయి గనుక పోలీసులు బండి నెంబరుతోనే చూసుకోగలరు. కె.ఏ.-38 బండిని పన్నెండు నెలలకు మించి తెలంగాణలోనే ఉంచి నడిపితే మాత్రం అక్కడ తిరిగి రిజిస్ట్రేషను చేయించవలసి ఉంటుంది. ఆ సమయంలో అధికారి బండిని పత్రంతో పోల్చి చూస్తాడు. పీకివేసిన కన్వర్టరు, మార్చిన సైలెన్సరు చాలామందికి గుర్తుకు వచ్చేది ఆ రోజుననే.